చెవి మిషను తీయకుండానే ఫోను వినవచ్చు

వినికిడి తగ్గిన పేదలకు చెవి మిషన్లు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం 1981 నుండి నడుస్తున్నది. ఇది మంచి సహాయం. అయితే మిషను చేతికిచ్చి పంపితే పని పూర్తయినట్లు కాదని మా అభిప్రాయం. ఇంటికి వెళ్లాక ఆ మనిషి ఫోనులో పాఠమో పాటో ఎలా వింటాడో కూడా అడగాలి.

2020లో బడులు మూతపడి పాఠాలు ఫోన్లలోకి వచ్చాయి. అప్పటినుండి ఈ ప్రశ్న మరింత ముఖ్యమైంది. చాలామంది మిషను తీసి పక్కన పెట్టి, చెవిలో దూర్చే చిన్న ఇయర్‌ఫోన్లతో శబ్దం పూర్తిగా పెంచి వింటారు. ఇది ప్రమాదం. మిషనును పరీక్షలో తేలిన లోపాన్ని బట్టి ఆ చెవికి సరిచేస్తారు. మామూలు ఇయర్‌ఫోనుకు ఆ లెక్క ఉండదు. లోపలి చెవిలోని సున్నితమైన కణాలు దెబ్బతింటే తిరిగి పుట్టవు. మంచి వినికిడి ఉన్నవారికే పెద్దలకు 80, పిల్లలకు 75 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇక మిగిలిన కాస్త వినికిడిని కాపాడుకోవలసిన వారు ఎంత జాగ్రత్తగా ఉండాలి!

మరి ఏది కొనాలి? చెవి వెనుక పెట్టుకునే మిషనుకు మైకు చెవి పైభాగాన ఉంటుంది. కాబట్టి చెవినీ మిషనునూ కలిపి కప్పే పెద్ద గిన్నెల హెడ్‌ఫోను కావాలి. చెవి మీద ఆనే చిన్న రకం మైకును అందుకోదు, పైగా చెవిని నొక్కుతుంది. గిన్నె లోతుగా ఉండాలి, తలపట్టీ వదులు చేసుకునేలా ఉండాలి. కళ్లద్దాలు కూడా పెట్టుకునే అవ్వాతాతలకు బిగుతు పట్టీ అరగంటలోనే నొప్పి తెస్తుంది. ఈల శబ్దం వస్తే గిన్నెను కొంచెం పైకి, వెనక్కి జరపండి. అయినా ఆగకపోతే ఆ రకం మీకు సరిపడదు. మిషను ముందే శబ్దాన్ని పెంచుతుంది గనుక ఫోను శబ్దం తగ్గించి మొదలుపెట్టండి.

మన కర్నూలు, కడప ఎండల సంగతి మరువరాదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే వేడిలో రెక్సిన్ మెత్తలు చెమటతో చర్మానికి అంటుకుంటాయి. గుడ్డ మెత్తలు మేలు. అరగంటకొకసారి తీసి చెవికి గాలి తగలనివ్వండి. చెమట మిషనుకు శత్రువు. రాత్రి పొడిగుడ్డతో తుడిచి, బ్యాటరీ తలుపు తెరిచి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో మూత డబ్బాలో ఉంచండి.

పెట్టి చూడకుండా కొనవద్దు. మిషను పెట్టుకునే దుకాణానికి వెళ్లి, కనీసం పది నిమిషాలు విని చూడండి. బేరం చూసి కొన్నది నొప్పి పెడితే చివరకు మూలన పడుతుంది, పిల్లవాడు మళ్లీ ఇయర్‌ఫోనుకే వెళతాడు.

మిషన్లు ఇచ్చే శిబిరాల నిర్వాహకులకు మా మనవి ఒక్కటే. మీ బల్ల మీద రెండు మూడు రకాల హెడ్‌ఫోన్లు ఉంచండి. మిషను అమర్చిన వెంటనే వాటితో ఒక పాఠం వినిపించండి. ఖర్చు స్వల్పం. ఒక బిడ్డకు మిగిలిన వినికిడి నిలిస్తే చదువు నిలుస్తుంది.