ఖితాబులు కాదు, బతుకులు చూడాలి

పెళ్లి సంబంధాల మాట మొదలుకాగానే మన ఇళ్లలో ముందుగా వచ్చే ప్రశ్న చదువు గురించి కాదు, ఖాందాన్ గురించి. సయ్యదులా, పఠాన్‌లా, మొఘలులా, షేక్‌లా అని ఆరా తీస్తాము. తాతముత్తాతల పేర్లు రాసిన షజ్రాలను తరతరాలుగా భద్రపరచుకున్న కుటుంబాలూ ఉన్నాయి. వంశచరిత్రను కాపాడుకోవడం మెచ్చదగిన పనే. దానిని మనిషి విలువకు కొలబద్దగా వాడుకోవడం మీదనే మా అభ్యంతరం. ఈ గౌరవనామాల పుట్టుక తెలిస్తే ఆ కొలబద్ద ఎంత బలహీనమైనదో అర్థమవుతుంది.

హైదరాబాద్ సంస్థానాన్నే తీసుకుందాం. అసఫ్‌జాహీ వంశ మూలపురుషుడు మీర్ ఖమరుద్దీన్ ఖాన్‌కు 'నిజాం-ఉల్-ముల్క్' బిరుదును 1713లో మొఘల్ చక్రవర్తి ఫరూఖ్‌సియర్ ఇచ్చాడు. 'అసఫ్ జా' అన్నది 1725లో మహమ్మద్ షా ఇచ్చినది. తరువాత ఆ వంశమే ఇతరులకు ఖితాబులు ఇచ్చే స్థానానికి చేరింది. ఖాన్ బహద్దూర్, జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా, జా అని దర్బారులో వాటికి మెట్ల వరుస ఉండేది. సేవను బట్టి, పాలకుడి అనుగ్రహాన్ని బట్టి అమీరు మెట్లు ఎక్కేవాడు. తండ్రి ఖితాబు కొడుకుకు దానంతట అదే వచ్చేది కాదు, పాలకుడు మళ్లీ ప్రదానం చేయాలి. జాగీరు సంగతీ అంతే. జాగీర్దారు మరణించాక విరాసత్ విచారణ జరిగి వారసుడికి మంజూరు కావాలి. షజ్రాకు అంత విలువ వచ్చింది అందుకే. అది కచేరీలో హక్కు నిరూపించుకోవడానికి చూపే దస్తావేజు.

ఖితాబు మతాన్ని గానీ, పుట్టుకను గానీ మాత్రమే చూసి ఇచ్చినది కాదు. ప్రధానమంత్రిగా పనిచేసిన మహారాజా కిషన్ పర్షాద్‌కు 'యమీన్-ఉస్-సల్తనత్' అన్న బిరుదు ఉండేది. నిజాంసాగర్ నిర్మించిన ఇంజినీరు మీర్ అహ్మద్ అలీని లోకం 'అలీ నవాజ్ జంగ్' అనే ఖితాబుతోనే ఎరుగును. ఆయన పుట్టినరోజైన జులై 11ని తెలంగాణ నేడు ఇంజినీర్ల దినంగా జరుపుకుంటున్నది ఆయన వంశాన్ని చూసి కాదు, కట్టిన జలాశయాలను చూసి. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్ జంగ్ వంశంలో మూడవ సాలార్ జంగ్ 1949లో అవివాహితుడిగా కన్నుమూశారు. ఆ పేరు నేడు నిలిచి ఉన్నది 1951లో ప్రజలకు తెరిచిన మ్యూజియం వల్ల.

1949లో హైదరాబాద్‌లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 18వ అధికరణం ద్వారా బిరుదులను రద్దు చేసింది. 1971లో 26వ సవరణ మాజీ సంస్థానాధీశుల గుర్తింపును, రాజభరణాలను తొలగించింది. అక్కడితో కథ ముగియవలసింది. మన విషయంలో మాత్రం ముగియలేదు.

సయ్యద్, పఠాన్, మొఘల్ అన్నవి దర్బారు ఖితాబులు కావు, వంశనామాలు. అయినా ఖాన్, బేగ్, మీర్జా వంటి బిరుదులతో కలిసి అవీ హోదా గుర్తులుగా స్థిరపడ్డాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన చట్టం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, ముస్లిం రజకులు, ఫకీర్లు, ఖురేషీలు, షేక్‌లు మొదలైనవారు అందులో ఉన్నారు. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్చీ మెమన్ తదితరులను అదే చట్టం మినహాయించింది. వృత్తుల మీద బతుకుతూ శతాబ్దాలుగా చిన్నచూపుకు గురైన వర్గాలకు దక్కిన ఈ రక్షణను మేము పూర్తిగా సమర్థిస్తున్నాము. న్యాయస్థానాలలో అది నిలబడాలని కోరుతున్నాము.

అయితే పేరు ముందున్న ఆ రెండు మూడు అక్షరాలు ఇప్పుడు ఏం చేస్తున్నాయో చూడండి. పంక్చర్లు వేసే సయ్యద్, ఆటో నడిపే పఠాన్ మన పేటల్లో కొత్త కాదు. పూర్వీకుల హోదా వారికి పైసా ఆదాయం తేలేదు గానీ, కాగితం మీద మాత్రం వారిని పెద్దింటివారిని చేసింది. మరోవైపు, వెనుకబడిన వర్గానికి చెందిన తండ్రి గౌరవం కోసం బిడ్డ పేరు ముందు 'ఖాన్' అనో 'సయ్యద్' అనో బడి రిజిస్టరులో రాయిస్తే, రేపు కులధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగవలసింది ఆ బిడ్డే. లేని దర్జాకు చెల్లించే మూల్యం ఇది.

తెలంగాణ ప్రభుత్వం 2024లో చేపట్టిన సర్వే ప్రకారం రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతం. వారిలో బీసీలు 10.08 శాతం, ఓసీలు 2.48 శాతం. ఈ రెండు అంకెలతోనే ప్రభుత్వం ఆగిపోరాదు. ప్రతి వర్గంలో భూమి ఎంతమందికి ఉన్నది, డిగ్రీ దాటినవారు ఎందరు, సొంత ఇల్లు ఎందరికి ఉన్నది అన్న వివరాలు వర్గాలవారీగా వెల్లడించాలి. బీసీ-ఇ వాటాను తగ్గించకుండానే, మినహాయింపు పొందిన వర్గాలలోని పేదలను గుర్తించే మార్గం అప్పుడే తేలుతుంది. ఈలోగా ఆ కుటుంబాలు 2019 నాటి 103వ సవరణతో వచ్చిన ఈడబ్ల్యుఎస్ 10 శాతం కోటాకు నామోషీ పడకుండా దరఖాస్తు చేసుకోవాలి. జమాతులు, మసీదు కమిటీలు జుమా తరువాత ఒక గంట ఇందుకోసం కేటాయించడం పెద్ద పనేమీ కాదు.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన ఇంటినీ సరిచేసుకోవాలి. తెగలు, జాతులు పరస్పరం గుర్తించుకోవడానికేనని, అల్లాహ్ దృష్టిలో గౌరవనీయుడు దైవభీతి గలవాడేనని సూరా హుజురాత్ 13వ ఆయతు బోధిస్తున్నది. దానిని నికాహ్ ప్రసంగాలలో వింటూనే, దూదేకుల ఇంటి పిల్ల అనో, ఖసాబు ఇంటి అబ్బాయి అనో సంబంధం వదులుకోవడం మనకు తగదు. రిజర్వేషన్ కోసం వెనుకబాటుతనం చెప్పుకుని, దస్తర్‌ఖాన్ దగ్గర ఖాందాన్ చెప్పుకునే ద్వంద్వ నీతితో ఏ ఉద్యమమూ నిలబడదు.

షజ్రాలను పారేయమని మేము అనడం లేదు. వాటిని ఇంకా పూర్తిగా రాయండి. పేర్లతో పాటు ఆ పూర్వీకులు చేసిన పనులు, నేర్చిన వృత్తులు, చదివిన చదువులు, ఇన్నాళ్లూ ఆ కాగితాలకు ఎక్కని అమ్మమ్మల, నానమ్మల పేర్లూ చేర్చండి. మన పిల్లలకు అటువంటి వంశవృక్షం కావాలి.