చిన్నపిల్లలు కదా, మర్చిపోతార్లే!

2025 నవంబర్ 18న మారేడుమిల్లి అడవుల్లో జరిగిన ఎన్‌కౌంటర్‌లో మావోయిస్టు నాయకుడు హిడ్మా చనిపోయాడన్న వార్త రాగానే మా పాత టీము వాట్సాప్ గ్రూపు హోరెత్తిపోయింది. ఒకడు టపాకాయల బొమ్మ పెట్టాడు. ఇంకొకడు బూటకం అన్నాడు. లంచ్ టైము దాకా కొట్టుకున్నారు. చివరికి ఒక మిత్రుడు తేల్చేశాడు: "ఏదైతేనేం, ఆ ఏరియా ఇష్యూ క్లోజ్ అయినట్టే." నేనుండబట్టలేక "అక్కడ పెరిగిన పిల్లల సంగతేంట్రా?" అని అడిగాను. "పిల్లలదేముంది, చిన్నపిల్లలు కదా, మర్చిపోతార్లే" అన్నాడు.

ఈ టపా ఆ ఒక్క ముక్క మీదే.

2009లో మేం పదిమందిమి చింతూరు వెళ్ళాం. అప్పటికి అది ఖమ్మం జిల్లా, 2014లో కదా ఆంధ్రలోకి పోయింది. ఆఫీసులో చందాలు పోగేసి కొన్న నోటు పుస్తకాలు, పలకలు, బిస్కెట్లు.. భద్రాచలంలో అద్దెకి తీసుకున్న రెండు జీపుల నిండా. కొంచెం గర్వం కూడా ఉందనుకోండి, ఫొటోలు దిగాలిగా :). చింతూరు దాటాక రోడ్డు ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు పోతుంది. 2005 జూన్‌లో అవతల సల్వాజుడుం మొదలయ్యాక, ఊళ్ళకి ఊళ్ళు వదిలేసి ఇటు అడవిలోకొచ్చి గుడిసెలేసుకున్న గొత్తికోయలు వేలల్లో ఉన్నారు. వాళ్ళ పిల్లలకి స్థానికులు కొందరు ఒక పాకలో బడి నడిపేవారు. మేం వెళ్ళేసరికి పాకలో పలకలున్నాయి, పిల్లలు లేరు. సెలవేమో అనుకున్నాం.

"సెలవు కాదు సార్. మీ జీపు చప్పుడు విన్నారు" అన్నాడు అక్కడ చదువు చెప్పే కుర్రాడు.

వాళ్ళకి తెలిసిన లెక్క ఒకటే, జీపు వస్తే గుడిసె తగలబడుతుంది. అవతల జుడుం వాళ్ళొచ్చి ఊళ్ళు తగలబెట్టారు. ప్రాణాలు దక్కించుకుని ఇటొస్తే, ఇది రిజర్వు ఫారెస్టు అని అటవీశాఖ వాళ్ళు గుడిసెలు తగలబెట్టారు. నేను కల్పించి చెప్పట్లేదు, 2008 నాటి హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదికలో ఉంది. అరగంటకి పిల్లలు చెట్ల చాటు నుంచి ఒక్కొక్కళ్ళే వచ్చారు. ఏడెనిమిదేళ్ళ పిల్లాడొకడు మాత్రం మేం ఉన్నంతసేపూ రాలేదు. వాడి బిస్కెట్ పాకెట్టు వాళ్ళక్క అడిగి తీసుకుంది.

ఊరు వదిలినప్పుడు వాడికెన్నేళ్ళుంటాయో లెక్కేయండి. నాలుగో, అయిదో. తన ఊరెలా ఉండేదో అడిగితే బహుశా చెప్పలేడు. మా మిత్రుడి భాషలో మర్చిపోయాడన్నమాట. కానీ చప్పుడు వినగానే కాళ్ళు పరిగెత్తాయి. కథ మర్చిపోయినా ఒళ్ళు మర్చిపోదు బాబూ!

ఇక్కడ ఎర్రజెండా మిత్రులు చంకలు గుద్దుకోనక్కర్లేదు. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లల్ని బాల సంఘాల్లో చేర్చుకున్నదీ, బళ్ళు పేల్చేసిందీ మావోయిస్టులే. ఇటువైపు పోలీసులు పద్దెనిమిది నిండని వాళ్ళని కూడా ఎస్పీవోలుగా తీసుకున్నారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ ఎస్పీవోల వ్యవస్థని కొట్టేసిన తీర్పు చదవండి. నెలకి 3000 రూపాయలు, అయిదో తరగతి చదివితే ప్రాధాన్యం. మన కాంపస్ ఇంటర్వ్యూకి అరవై శాతం కటాఫ్ పెడతారు, తుపాకీ ఇవ్వడానికి అయిదో క్లాసు చాలు! ఎవరికీ తెలియక జరిగింది కూడా కాదు. మన శాంతా సిన్హా గారు బాలల హక్కుల కమిషన్‌కి అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు, 2007 డిసెంబర్‌లోనే ఆ బృందం దంతెవాడ, బీజాపూర్, ఖమ్మం జిల్లాలు తిరిగొచ్చింది.

ఆ పిల్లాడికి ఇప్పుడు ఇరవై నాలుగు దాటుంటాయి. పెళ్ళయి, ఒక బిడ్డ కూడా ఉండొచ్చు. ఎవడ్రా క్లోజ్ చేసింది టికెట్టు?

ఇదంతా ఎక్కడో అడవి గోల, మనకెందుకు అనుకునేవాళ్ళకి ఇంకో చప్పుడు గురించి చెప్తాను. మా నాన్న స్కూటర్. సందు మలుపులో ఆ చప్పుడు వినపడగానే అమ్మ రేడియో కట్టేసేది, నేను పుస్తకం తీసేవాణ్ణి, చెల్లి పెరట్లోకి పోయేది. మీటరు రీడింగులా చెప్పేవాళ్ళం, ఇవాళ తాగాడా లేదా అని, బండి ఆపే తీరుని బట్టి. తాగిన రోజు అమ్మకి దెబ్బలు. మమ్మల్ని ఎప్పుడోగాని కొట్టలేదు. అందుకే అందరూ "పిల్లలంటే ప్రాణం ఆయనకి" అనేవారు. జీపూ స్కూటరూ ఒకటేనని నేననట్లేదు, మా నాన్న ఇల్లు తగలబెట్టలేదు. కానీ చెవి పనిచేసే పద్ధతి ఒకటే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలోనూ తెలంగాణలోనూ నూటికి 84 మంది ఆడవాళ్ళు, ఏదో ఒక కారణానికి మొగుడు కొట్టడం సబబే అన్నారు. వాళ్ళకి చదివి వినిపించిన కారణాల్లో ఒకటేంటో తెలుసా? ఇంటినీ పిల్లల్నీ సరిగ్గా చూసుకోకపోవడం. అంటే పిల్లల కోసం, పిల్లల ముందే, పిల్లల తల్లిని కొట్టొచ్చన్నమాట. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ పదమూడు రాష్ట్రాల్లో పన్నెండు వేల పైచిలుకు పిల్లల్ని అడిగితే ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తింటున్నారని తేలింది. ఆ రాష్ట్రాల్లో మనదీ ఉంది.

"మా నాన్న బెల్టుతో కొట్టబట్టే నేను ఆన్‌సైట్ దాకా వచ్చాను" అనే పెద్దమనిషి ప్రతి టీములో ఒకడుంటాడు. నాయనా, దెబ్బలు తిని కూడా పైకొచ్చినవాళ్ళే ఈ గ్రూపులో ఉన్నారు. రాలేనివాళ్ళని ఎవరైనా యాడ్ చేశారా? శాంపిల్ ఇలా తీసుకుంటే నీ రివ్యూలో నీకే రేటింగ్ ఇవ్వవు. శాన్‌డియేగోలో కైజర్ వాళ్ళు తొమ్మిదిన్నర వేలమంది జవాబులతో చేసిన అధ్యయనం 1998 నుంచీ అచ్చులో ఉంది. ఎక్కువమంది ఇన్సూరెన్సు ఉన్న మధ్యతరగతి జనం, అంటే మనలాంటివాళ్ళే. వాళ్ళు లెక్కపెట్టిన కష్టాల్లో తల్లిని కొడుతుంటే చూడటం కూడా ఒకటి. అలాంటివి నాలుగు, అంతకు మించి ఉన్నవాళ్ళలో తాగుడు, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నం లాంటివి నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువ. అదొక్కటే కారణమని ఎవరూ అనలేదు. కానీ "మర్చిపోతార్లే" అన్నది మాత్రం అక్కడే చచ్చిపోయింది.

చింతూరు వైపు బడికి పలకలిచ్చే మాలాంటి వాళ్ళకి కొదవలేదు. కోయ భాషలో ఆ పిల్లాడితో కూర్చుని, వాడు చెట్టు చాటు నుంచి వచ్చేదాకా ఓపిక పట్టే మనిషికి జీతమిచ్చేవాళ్ళు కావాలి. మేం ఇవ్వలేదు. ఫొటోలు దిగి వచ్చేశాం.

నేను తాగను. మా ఆవిడ మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు. కిందటి నెల ఒక రిలీజు తగలడిపోయి, క్లయింటు కాల్‌లో నోర్మూసుకుని తిట్లన్నీ తిని, రాత్రి పదింటికి ఇంటికొచ్చాను. అలాంటి రోజులు ఈ మధ్య ఎక్కువయ్యాయి, అలాంటి రోజుల్లో నా గొంతు కూడా లేస్తుంది. తలుపులో తాళం తిప్పాను. లోపల టీవీ చప్పుడు టక్కున ఆగిపోయింది. మా అమ్మాయి రిమోటు చేత్తో పట్టుకుని నా మొహం వైపు చూస్తోంది. ఇంకా నేను చెప్పులు కూడా విప్పలేదు.