గుఱ్ఱము లేని రౌతులు

కోనసీమవారికి గుఱ్ఱముతోఁ బని తక్కువ. మన భారము మోసినవి ఎడ్లును పడవలును. కొబ్బరితోఁటల నడుమఁ గాలువగట్లపైఁ బెరిగిన మాకు గుఱ్ఱమనఁగా దేవాలయోత్సవములలోని కొయ్యవాహనమే. అట్టి ఉప్పలగుప్తమునుండి గుఱ్ఱములఁ గూర్చి వ్రాయుట పాఠకులకు వింతగాఁ దోఁచవచ్చును. యుద్ధములలో మడిసిన మనవారి పేళ్లతో ఊర నొక శిల నిలుపవలయునని మేము తలపెట్టినప్పుడు ఎదురైన యాక్షేపణమే మమ్ము గుఱ్ఱము కడకుఁ గొనిపోయినది.

ఆక్షేపణ మిది: 1947కుఁ బూర్వము మడిసినవారు పరప్రభువు జెండాక్రింద, పరప్రభువు లాభమునకై పోరాడిరి. వారిని జాతీయవాదులు గౌరవించుట యెట్లు? 1971లోను, 1999లోఁ గార్గిల్ కొండలపైనను బ్రాణములిచ్చినవారి పేళ్లు చెక్కింపుఁడు, తక్కినవి విడువుఁడు. ఈ మాట తేలికగాఁ ద్రోసివేయఁదగినది కాదు. మేమును జాలకాల మట్లే తలంచితిమి.

ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకమును జూడుఁడు. మొదటి మహాయుద్ధమున సీనాయి, పాలస్తీనా, సిరియాలలోఁ బోరాడిన అశ్వికదళమునకై 1922లో నిలిపిన కట్టడమది. హైదరాబాదు, జోధపూరు, మైసూరు సంస్థానముల రౌతులకు గుర్తుగా మూఁడు కంచువిగ్రహము లందుఁ గలవు. 1918 సెప్టెంబరు 23వ తేదిని హైఫా పట్టణముకడ, ఫిరంగులకును మరతుపాకులకును ఎదురుగా, జోధపూరు, మైసూరు దళములవారు బల్లెములు చేతఁబట్టి దూఁకిరి. ఆనాఁడు మడిసిన మనుష్యు లెనమండుగురు, గాయపడినవారు 34 మంది. గుఱ్ఱములలో 60 చచ్చినవి, 83 గాయపడినవి. 2018లో ఆ కూడలి పేరునకు హైఫా పేరును జేర్చిరి. అంతయు బాగుగనే యున్నది. కాని యా మూఁడు విగ్రహములును నేలపై నిలిచియున్నవి. రౌతులకుఁ గట్టిన స్మారకమున గుఱ్ఱము లేదు!

ఆ చచ్చిన యఱువది గుఱ్ఱములును ఎవరి పక్షము? న్యాయస్థానమున మనుష్యుని యుద్దేశమును విచారించుట మాకు వృత్తి. గుఱ్ఱమునకు ఉద్దేశము నంటఁగట్టఁగల న్యాయవాది ఇంకను బుట్టలేదు. కళ్లెము లాగినవైపు అది పోయినది; గుండు తగులఁగాఁ బడినది. దానిపై సామ్రాజ్యభక్తి యను నేరము మోపువారెవరు? ఇప్పుడు సిపాయిని జూడుఁడు. పొలము లేక, అప్పు తీఱక, ఇంటనున్న యైదుగురికి గంజి దొరకుటకై పటాలమునఁ జేరినవాఁడు ఏ చక్రవర్తిని బ్రేమించి చేరెను? ఓడ యెక్కునపుడు ఫ్రాన్సు కావలయునా, మెసపొటేమియా కావలయునా యని వాని నెవ్వరడిగిరి? ఆ యొక్క యుద్ధముననే భారతీయసైనికులు 70 వేలకుఁ బైగా మడిసిరి. యుద్ధము మనది కాదు, చచ్చినవారు మనవారు. మొదటి మాటను జెప్పుటకు జంకనక్కఱలేదు, రెండవ మాటను దాఁచనక్కఱలేదు. శిలపై రెండును జెక్కింపవచ్చును.

మన పూర్వుల కీ చిక్కు లేకుండెను. పల్నాటిపోరు దాయాదుల కలహము. దానివలన నెవ్వరు బాగుపడిరి? అయినను గారెంపూడిలోఁ గార్తికమాసమున వీరారాధనము నేఁటికిని జరుగుచున్నది. వీరుల యాయుధములకుఁ బూజ లందుచున్నవి. బ్రహ్మనాయని పేరుతోఁబాటు మాల కన్నమదాసు పేరును వినఁబడుచున్నది. తెలుగునాఁట వీరగల్లులు కొన్నిటిపై రౌతు గుఱ్ఱమెక్కియే యుండును. ఆ శిల్పులకు గుఱ్ఱమును విడిచి రౌతును జెక్కుట తోఁచలేదు కాఁబోలు.

మూఁగజీవములకు గౌరవమేమని నవ్వువారికి ఒక్క మాట. 1971 యుద్ధమున శత్రువులకుఁ జిక్కిన మన కంచరగాడిద యొకటి వీపున మరతుపాకితోను మందుగుండుతోను దనంతఁ దాను మన శిబిరమునకుఁ దిరిగి వచ్చినది. పిమ్మట దానికి పెడోంగి యని పేరిడిరి. నీలిమఖ్మలు దుప్పటి కప్పి సన్మానించిరి. లండను నగరమున యుద్ధజంతువులకై 2004లో వేఱుగ స్మారకమే వెలసినది.

ఇఁక మన శిల మాట. పేళ్లు దొరకుటయే కష్టము. కామన్వెల్తు యుద్ధసమాధుల పట్టికలలోఁ బెక్కండ్రకుఁ దండ్రిపేరును గ్రామమును గలవు. కాని మొదటి యుద్ధమునాఁటికి మనది గోదావరి జిల్లా. 1925లో అది తూర్పుగోదావరి యైనది, 2022లోఁ గోనసీమ వేఱు జిల్లా యైనది. నేఁటి జిల్లా పేరుతో వెదకువారికి వారు దొరకరు. ఇంటిపేళ్లా, ఇంగ్లీషు అక్షరములలోఁ బడి గుర్తింపరాకున్నవి. కావున ఉప్పలగుప్తము చుట్టుప్రక్కల గ్రామములవారు తమ పెట్టెలలోని పింఛను కాగితములను, పతకములను, ముత్తాత వ్రాసిన కార్డుముక్కలను ఒకమాఱు వెలికిఁ దీయవలయును. ఖర్చు ఊరి చందాలతోనే సరిపెట్టుదము. పేళ్లపైన నొక గుఱ్ఱము బొమ్మ యుండవలయును. చోటు చాలదని శిల్పి యనినచో, ఆవిష్కర్త పేరును విడుచునది. ఆ స్థలము గుఱ్ఱమునకుఁ జాలును.