కంచె బయట చచ్చిపోతున్న బట్టమేక

బట్టమేక పిట్టను కాపాడతామని 1988లో రాయలసీమలోని రోళ్లపాడు దగ్గర 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు. మీటరు ఎత్తున నిలబడి, పదిహేను కిలోల దాకా తూగే పక్షి అది. మేత కోసం మైళ్లకు మైళ్లు తిరుగుతుంది. అంత పక్షి ఆ కాస్త కంచెలో ఎలా బతుకుతుందనుకున్నారు?

అది గుడ్డు పెట్టేది గడ్డి నేల మీద, ఏడాదికి సాధారణంగా ఒక్కటే. మందలు తొక్కినా, కుక్క పసిగట్టినా ఆ ఏటి సంతానం పోయినట్టే. కడుపు నింపుకునేది మాత్రం కంచె బయట, రైతుల మెట్ట చేలల్లో. కొర్ర, జొన్న, శనగ వేసిన చోట, బీడు వదిలిన చోట మిడతల్ని, పురుగుల్ని, గింజల్ని ఏరుకుంటుంది.

ఆ చేల గోడు పట్టిందెవరికి? దగ్గర్లోనే అలగనూరు రిజర్వాయరు కట్టారు, కాలువలు తవ్వారు. నీళ్లొస్తే రైతు పంట మారుస్తాడు, పిట్టకు మేత పోతుంది. కరువు సీమలో నీళ్లు వద్దనమని అతనికి ఏ ముఖంతో చెప్తాం? కానీ నీళ్లిచ్చిందీ సర్కారే, పిట్టను కాపాడతానని మాటిచ్చిందీ సర్కారే. మందు కొట్టకుండా మెట్ట పైరు వేసే రైతుకు ఎకరానికి ఇంతని ఇచ్చి ఉంటే ఖజానా ఖాళీ అయ్యేదా? కంచెలో పెరిగిన జింకలు చేల మీద పడి మేసిపోతుంటే, నష్టం అప్పటికప్పుడు కట్టి ఉంటే అభయారణ్యం పేరెత్తితేనే రైతు మండిపడేవాడా?

దేశం మొత్తమ్మీద మిగిలిన బట్టమేకలు సుమారు 150. ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే. అక్కడా కరెంటు తీగలకు తగిలి చస్తున్నాయి. తీగల్ని భూమిలోపల వేయమని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది, 2024లో ఆ ఆదేశాన్ని తానే సడలించింది. 2019 నుంచి పెంపక కేంద్రాల్లో గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. మంచిదే. ఆ పిల్లల్ని రేపు ఏ నేల మీద వదులుతారు? గడ్డి నేల కనబడితే చాలు, పనికిరాని భూమని రాసేసి సోలార్ పలకలకో, ఫ్యాక్టరీకో ఇచ్చేస్తున్నారు కదా!

అడవంటే చెట్లేనన్న భ్రమ వదలండి. గడ్డి భూములకు చట్టంలో రక్షణ ఇవ్వండి. రోళ్లపాడు చుట్టూ కొర్ర, జొన్న వేసే రైతుకు ఏటా డబ్బు కట్టండి, జింకలు మేసిన పైరుకు ఆ పంటకాలంలోనే పరిహారం ఇవ్వండి. రైతును పక్కన పెట్టి ఈ పిట్టను ఎవరూ బతికించలేరు. ముప్పై ఏళ్లకు పైగా ఇది తెలిసీ కదలనివాళ్లే దాని చావుకు జవాబుదారులు.