తీరం దొరకని సెయింట్ లూయిస్

1939 మే 13న హాంబర్గ్ రేవు నుంచి సెయింట్ లూయిస్ అనే జర్మన్ ప్రయాణికుల ఓడ క్యూబాకు బయల్దేరింది. అందులో ఉన్నవారు 937 మంది. దాదాపు అందరూ నాజీల బారి నుంచి పారిపోతున్న యూదులే.

కెప్టెన్ గుస్తావ్ ష్రోడర్ వాళ్లను అందరు ప్రయాణికుల్లాగే మర్యాదగా చూడాలని సిబ్బందిని ఆదేశించాడు. ప్రార్థనలప్పుడు భోజనశాలలో హిట్లర్ చిత్రపటాన్ని తీసేయడానికీ ఒప్పుకున్నాడు.

కానీ ఓడ కదలకముందే క్యూబా ప్రభుత్వం వాళ్ల చేతుల్లోని అనుమతిపత్రాలను చెల్లవనేసింది. హవానాలో 28 మందినే దిగనిచ్చారు. ముందే అక్కడికి చేరిన బంధువులు చిన్న పడవలెక్కి ఓడ చుట్టూ తిరుగుతూ, పైనున్న తమవాళ్లను కేకలేసి పలకరించారు. తర్వాత ఓడ మయామీ దీపాలు కనిపించేంత దగ్గరికి వెళ్లింది. అమెరికా రానివ్వలేదు. కెనడా కూడా తలుపు మూసేసింది.

చివరికి బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ తలా కొందరిని తీసుకున్నాయి. జూన్ 17న ఓడ ఆంట్వెర్ప్ చేరింది. మరుసటి ఏడాది జర్మన్ సేనలు బ్రిటన్ మినహా ఆ దేశాలన్నిటినీ ఆక్రమించాయి. అలా తిరిగొచ్చినవారిలో 254 మంది మారణహోమానికి బలయ్యారు.

1993లో ఇజ్రాయెల్ స్మారక సంస్థ యాద్ వాషెమ్ ష్రోడర్‌ను మరణానంతరం గౌరవించింది. ఒక మనిషి తన పరిధిలో చేయగలిగినదంతా చేశాడు. ప్రభుత్వాలు నిబంధనలు చూపి చేతులు దులుపుకున్నాయి. శరణార్థుల ప్రయాణాలకు కేటాయించిన ఈ సంచికలోని వ్యాసాలన్నీ ఆ తేడా గురించే. గడప ముందు నిలబడ్డవాడి కాగితాల కంటే ముందు అతని ముఖం చూడాలని మా నమ్మకం. చదివి, మీ అభిప్రాయాలు రాయండి.

— సంపాదకుడు