కొత్తింట్లో పోపు పెట్టడం అంత ఈజీ కాదు!

“పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు, ఆ సామాన్లని ఎన్నిళ్లు తిప్పుతావే?” అని మా అమ్మ ఫోన్లో ఒకటే నవ్వు. హైదరాబాద్ వచ్చిన ఆరేళ్లలో ఇది నాకు నాలుగో అద్దె ఇల్లు మరి. కానీ ఈసారి నవ్వే ఓపిక నాకు లేదు. ఎందుకంటే నాతోపాటు నిజంగానే ఒక పిల్లి ఇల్లు మారింది.

దాని పేరు పోపు. నలుపు, నారింజ రంగులు కలిసిపోయి, మూకుట్లో ఆవాలూ ఎండుమిరపకాయలూ వేగుతున్నట్టు ఉంటుంది ఒళ్లంతా. మూడేళ్ల కిందట ఒక వానాకాలం రాత్రి, పద్మారావునగర్‌లో మా పోర్షన్ ముందున్న స్కూటీ కింద వణుకుతూ దొరికింది. అప్పటికి నా అరచేతిలో పట్టేది. ఇప్పుడు నా దిండులో ముప్పాతిక భాగం దానిదే.

ఆ ఇంటిని బిల్డర్‌కి ఇచ్చేస్తున్నాం, రెండు నెలల్లో ఖాళీ చేయమని ఓనర్ ఆంటీ చెప్పింది. మియాపూర్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్ దొరికింది. అంతా సెట్ అనుకుంటుంటే ఆంటీ ఒక మాటంది: “పిల్లిని ఎందుకమ్మా తీసుకెళ్లడం? కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది. ఇక్కడే వదిలెయ్. వీధిలో ఎవరో ఒకరు ఇంత అన్నం పెడతారు.”

ఆంటీది చెడ్డ మనసు కాదు. సామాన్లు ప్యాక్ చేయడానికి వచ్చిన అబ్బాయి అదే అన్నాడు, ఆఫీసులో ఫ్రెండూ అదే అంది. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నేను కూడా సగం నమ్మేశాను. దాన్ని నాలుగో అంతస్తులో బంధించి బాధపెడతానేమో, వదిలేయడమే దాని మీద ప్రేమేమో అని. కానీ ఒక్క ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. ఆ ఇల్లే కూలగొట్టేస్తుంటే, అది ఇంక దేన్ని నమ్ముకోవాలి?

ఇంకో సంగతి. పెంచుకున్న జంతువుని ఆకలికీ దప్పికకీ వదిలేసి వెళ్లిపోవడం మన దేశంలో నేరం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోనే ఆ మాట ఉంది. పైగా పిల్లికి మనిషి పట్టదు అన్నది కూడా పూర్తి నిజం కాదు. 2019లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు పిల్లికూనల్ని కాసేపు కొత్త గదిలో ఒంటరిగా ఉంచి, తర్వాత పెంచినవాళ్లని లోపలికి పంపి చూశారు. నూటికి దాదాపు 65 కూనలు మనిషిని చూడగానే కుదుటపడి, మళ్లీ గది తిరిగి చూడటం మొదలుపెట్టాయి. అచ్చం పసిపిల్లల్లాగే.

సరే, తీసుకెళ్దామని డిసైడయ్యాను. తీసుకెళ్లడం అయితే కరెక్టే, తీసుకెళ్లిన పద్ధతే అంతా తప్పు.

నేను చేసిన మూడు తప్పులు

మొదటిది, క్యారియర్ బుట్ట. టీకాలప్పుడు తప్ప అది అటక మీదే ఉంటుంది. పోపు దృష్టిలో అదంటే సూది. షిఫ్టింగ్ రోజు పొద్దున్నే దింపి, బలవంతంగా కుక్కాను. క్యాబ్‌లో గంటంబావు ప్రయాణం, గంటంబావూ ఏడుపు. కనీసం రెండు వారాల ముందే బుట్ట తెరిచి హాల్లో పెట్టి, లోపల దాని పాత గుడ్డ వేసి, అప్పుడప్పుడు నాలుగు గింజల తిండి వేస్తే, దానంతటదే వెళ్లి పడుకునేదని తర్వాత తెలిసింది.

రెండోది, శుభ్రం. కొత్తిల్లు కదా అని గదులన్నీ ఫినాయిల్‌తో కడిగించాను. దాని దుప్పటి కూడా సర్ఫ్‌లో నానబెట్టి ఉతికేశాను. పిల్లి బుగ్గలు తలుపులకీ కుర్చీలకీ రుద్దుతుంది చూడండి, అది ముద్దు చేయడం ఒక్కటే కాదు. తన వాసన అంటించి ‘ఇది నాది’ అని రాసుకోవడం. మూడేళ్లుగా రాసుకున్నదంతా ఒక్కపూటలో పోయింది. మిగిలిన ఒక్క దుప్పటిని నేనే తుడిచేశాను.

మూడోది, తొందర. పాలు పొంగిస్తుంటే ఫ్రెండ్స్, పక్క ఫ్లాట్ వాళ్లు, మంచాలు బిగించేవాళ్లు, హాలంతా జాతర. ఆ మధ్యలో బుట్ట తలుపు తీసి “ఇదిగో మన కొత్తిల్లు!” అన్నాను. పోపు నేలకి అంటుకుపోయినట్టు పాకుతూ వెళ్లి మంచం కింద అట్టపెట్టెల వెనక దూరింది. అంతే, మళ్లీ కనిపించలేదు.

ఆ రాత్రి తినలేదు. మర్నాడు పగలూ తినలేదు. రాత్రికి ఇక ఆగలేక మంచం కిందకి చెయ్యిపెట్టి లాగాను. బుస్సుమని నా మణికట్టు మీద గీరేసింది. మూడేళ్లలో మొదటిసారి. దానికి నేనెవరో కూడా మర్చిపోయిందా అనిపించింది. నేల మీదే కూర్చుని ఏడ్చేశాను. ఆంటీ చెప్పినట్టు అక్కడే వదిలేసి ఉంటే బాగుండేదా అని కూడా అనుకున్నాను.

మూడోరోజు పొద్దున డాక్టర్‌కి ఫోన్ చేస్తే, “ఎన్ని గంటలైంది తిని?” అనడిగారు. “నలభై గంటలు దాటింది సార్, అలవాటు పడ్డాక తింటుందిలే అని...” అన్నాను.

“ఇంకొక్క పూట కూడా చూడొద్దు, వెంటనే తీసుకురండి” అన్నారు.

ఇది మీ అందరికీ తెలియాలి. మనం ఒక్కపొద్దు ఉన్నట్టు పిల్లి ఉండలేదు. రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కరిగి లివర్‌లో చేరుతుంది, లివర్ దెబ్బతింటుంది. బొద్దుగా ఉన్న పిల్లులకి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టర్‌కి చెప్పాల్సిందే. మగపిల్లి అయితే ఇంకో జాగ్రత్త. ట్రేలోకి మాటిమాటికీ వెళ్లి ముక్కుతూ, మూత్రం చుక్క కూడా రాకపోతే అది ఎమర్జెన్సీ. టెన్షన్ పడ్డప్పుడు ఈ సమస్య ఎక్కువగా బయటపడుతుంది. తెల్లారనివ్వండి చూద్దాం అనుకోకూడదు.

పోపుకి సెలైన్ ఎక్కించారు, ఆకలి పుట్టడానికి మందిచ్చారు. వచ్చేస్తుంటే డాక్టర్ ఒక మాటన్నారు: “దానికి ఇల్లు మొత్తం ఇవ్వకండమ్మా. ముందు ఒక్క గది ఇవ్వండి.”

ఒక్క గది

ఆ రోజే చిన్న బెడ్‌రూమ్ ఖాళీ చేశాను. ఒక మూల తిండి, దానికి కాస్త దూరంగా నీళ్లు, ఎదురు మూల లిట్టర్ ట్రే. తిండి పక్కనే ట్రే పెడితే పిల్లులకి నచ్చదు. మనకి నచ్చుతుందా చెప్పండి! ట్రేలో మట్టి కూడా పాత బ్రాండే. ఇల్లు మారినప్పుడే తిండీ, మట్టీ కొత్తవి ట్రై చేయకూడదు.

ఇంకొకటి, అట్టపెట్టె. షిఫ్టింగ్‌లో వచ్చిన పెట్టెకే పక్కన తలుపులా కోసి, బోర్లించాను. దాక్కోనిస్తే ఇంకా భయపడుతుందేమో అనుకుంటాం గానీ, జరిగేది రివర్స్. 2014లో నెదర్లాండ్స్‌లోని ఒక జంతు సంరక్షణ కేంద్రంలో కొత్తగా వచ్చిన 19 పిల్లుల్ని గమనించారు. దాక్కోడానికి పెట్టె ఇచ్చినవి, ఇవ్వనివాటికన్నా త్వరగా కుదుటపడ్డాయి. కాబట్టి పెట్టెలోంచి లాగకండి. అది దాక్కోవడం కాదు, చూసుకోవడం.

కానీ వాసన సంగతేంటి? దుప్పటి ఉతికేశాను కదా. అప్పుడు గుర్తొచ్చింది, పద్మారావునగర్ ఇంట్లో మోటారు పక్కన పోపు మధ్యాహ్నాలు పడుకునే గోనెసంచి. చెత్తే కదా అని వదిలేసి వచ్చాను. ఇల్లంతా ఖాళీ అవుతోంది, ఈపాటికి పారేసే ఉంటారు అనుకుంటూనే సాయంత్రం మెట్రో ఎక్కాను.

గేటు తీసిన ఆంటీ నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, “తింటోందా అది?”

విషయం చెప్పాను. ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి, మడతపెట్టి కవర్లో కట్టిన గోనెసంచి తెచ్చిచ్చింది. “పారేద్దామనే తీశా. ఎందుకో చెయ్యి రాలేదు” అంది. పిల్లిని వదిలేయమన్న మనిషే!

రాత్రి ఆ సంచిని పెట్టె ముందు పరిచి, నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను. పిలవలేదు, కళ్లలోకి గుచ్చి చూడలేదు. చూపు కలిసినప్పుడల్లా కళ్లు మెల్లగా మూసి తెరిచాను. పిల్లుల భాషలో అది ‘నావల్ల నీకేం భయం లేదు’ అన్నట్టు. చాలాసేపటికి పోపు బయటికొచ్చింది. సంచిని వాసన చూసింది. మళ్లీ చూసింది. దాని మీద ఒకసారి బుగ్గ రుద్ది, చుట్టచుట్టుకుని పడుకుంది.

అర్ధరాత్రి రెండింటికి చీకట్లో కరకరమని చప్పుడు. తింటోంది! లైటు కూడా వేయలేదు. కదిలితే ఆపేస్తుందని ఊపిరి బిగబట్టి విన్నాను.

మీరు షిఫ్ట్ అవుతుంటే

ముందు రోజే కిటికీలు, బాల్కనీ చూసుకోండి. పావురాల కోసం కట్టిన వల ఉంటే చాలనుకోవద్దు. గట్టిగా లాగి చూడండి, పళ్లతో కొరికితే తెగేదైతే మార్పించండి.

ఫినాయిల్ వద్దు. అందులోని రసాయనాల్ని పిల్లి లివర్ సరిగ్గా అరిగించుకోలేదు. తడి నేల మీద నడిచి పాదాలు నాకితే చాలు, లోపలికి పోతుంది. బాత్రూముల్లో, అల్మారాల్లో పాతవాళ్లు వదిలిన కలరా ఉండలు ఏరి పారేయండి, అవి విషం. గృహప్రవేశానికి ఎవరైనా లిల్లీల బొకే తెస్తే లోపలికి తేవద్దు. బొకేల్లో వచ్చే ఆ పెద్ద లిల్లీల పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు పోతాయి.

పొంగించిన పాలు పిల్లికి పోయమని పెద్దవాళ్లు అంటారు. మా అమ్మా అంది. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. ఆ పాలతో మీరు కాఫీ పెట్టుకోండి.

సామాన్లు దింపేటప్పుడు పిల్లిని ఒక గదిలో పెట్టి, ‘తలుపు తీయకండి’ అని కాగితం అంటించండి. ఆ గదిలో మామూలుగా తిని, తోక ఎత్తుకుని తిరుగుతుంటే అప్పుడు రెండో గది తెరవండి. కొన్నిటికి మూడు రోజులు, కొన్నిటికి మూడు వారాలు. బయట తిరిగే అలవాటున్న పిల్లినైనా మూడు నాలుగు వారాలు లోపలే ఉంచండి. ముందే వదిలితే పాత ఇంటి దారి పడుతుంది, మధ్యలో ఎన్ని రోడ్లో మీకు తెలుసు.

మా పోపు హాల్లోకి రావడానికి పదకొండు రోజులు పట్టింది. వచ్చి వంటింటి గడపకి బుగ్గ రుద్దింది. తర్వాత ఫ్రిజ్‌కి. తర్వాత నా కాలికి. నా మణికట్టు మీద గీరుడు మచ్చ మాత్రం ఇంకా ఉంది.

మొన్న ఆంటీ వీడియో కాల్ చేసింది. పోపుని చూపించమంది. వాళ్లూ ఇల్లు ఖాళీ చేసి కొడుకు ఫ్లాట్‌కి వెళ్లిపోయారట. “నలభై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నానా, ఇక్కడ కంటికి నిద్ర రావట్లేదమ్మా. ఏ గదిలోకెళ్లినా పరాయింట్లో ఉన్నట్టుంది” అంది.

ఒక్క క్షణం ఏం చెప్పాలో తోచలేదు.

“ఆంటీ, మీ పాత దుప్పటి ఉందా? దాన్ని అప్పుడే ఉతక్కండి” అన్నాను.