పసరుకి రసీదు ఉండదు

నోట్లో పుండు క్యాన్సర్ అని తేలగానే మన ఇళ్ళల్లో వినపడే మాట: "కత్తి తగిలితే పాకుతుంది." ఈ మాట అనేవాళ్ళే మరో పూట "ప్లాస్టిక్ సర్జరీ మన పూర్వీకులదే, గణపతి తల చూడండి" అంటారు. 2014లో ముంబైలో ఒక ఆసుపత్రి ప్రారంభోత్సవంలో ప్రధానమంత్రే ఇలా అన్నారు. ఒక్క నోటితో రెండు మాటలు!

రక్షణ శాఖ లెక్కల్లో ఉద్యోగం చేసి రిటైరయినవాణ్ణి. వోచరు లేని పద్దు పాస్ చెయ్యను. సుశ్రుత సంహితలో ముక్కు, చెవితమ్మె అతికే పద్ధతి రాసి ఉంది, ఆ వోచరు ఒప్పుకుంటాను. 1794లో లండన్ పత్రికలో అచ్చయిన పూణే ముక్కు ఆపరేషన్ కూడా నిజమే. చేసినవాడు ఇటుకలు చేసే కులంవాడని అందులోనే ఉంది. గొప్పలు చెప్పేవాళ్ళు ఆ ముక్క మాత్రం చదవరు.

ఇక పెదవి సంగతి. సర్జన్ పుండు చుట్టూ కొంత మంచి కండ కూడా కలిపి తీసేది మళ్ళీ రాకూడదనే. అందుకే గుంట పెద్దదవుతుంది. పోయింది మూడో వంతు లోపయితే అంచులు దగ్గరికి లాగి కుట్టేస్తారు. మించితే, రెండో పెదవి నుంచి ఒక ముక్కను రక్తనాళం తెగకుండా తిప్పి అతుకుతారు. రెండు మూడు వారాలు పెదవులు ఆ సన్నని వంతెనతో కలిసే ఉంటాయి, రోగి గంజీ పాలూ తాగుతాడు. అతుకు బతికాక వంతెన కోస్తారు. దీన్ని 1898లో న్యూయార్కులో రాబర్ట్ ఆబీ రాసిపెట్టాడు. 1974లో యుగోస్లావియా సర్జన్ కరపాంజిచ్ నరాలూ నాళాలూ కాపాడుతూ పక్క కండను జరిపే పద్ధతి చెప్పాడు. దానివల్ల పెదవి కదులుతుంది, స్పర్శ ఉంటుంది. కానీ నోరు చిన్నదవుతుంది, కట్టుడు పళ్ళు పెట్టుకోవడం కష్టం. ఈ నష్టం కూడా వైద్య పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. ఏ బాబా పుస్తకంలోనైనా ఖర్చు కాలమ్ చూశారా?

మొత్తం కింది పెదవే పోతే ముంజేతి చర్మాన్ని, ఒక నరంలాంటి స్నాయువుతో సహా తెచ్చి, మైక్రోస్కోపు కింద మెడ నాళాలకు కలుపుతారు. చొంగ కారకుండా పెదవిని నిలబెట్టేది ఆ స్నాయువే.

మా ఆఫీసు క్లర్కు ఒకాయనకి ఖైనీ కింది పెదవి వెనక దాచే అలవాటు. శనగగింజంత పుండు. కత్తి వద్దని ఒక స్వామి పసరు ఏడు నెలలు రాశారు. చివరికి పెదవితోపాటు దవడ ఎముక కూడా తీయాల్సి వచ్చింది. బంధువులు డాక్టర్లనే తిట్టారు. పసరుకి ఎంత ఇచ్చారని అడిగితే, దానికి రసీదు ఉండదన్నారు.